రక్తం ఎన్ని గ్రాములు: ఒక కొలత నడిచిన దారి

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అండమాన్ నికోబార్ దీవులకు మొదటిసారి చేరింది 2015-16లో, నాలుగో విడతలో. దీవుల్లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 65.7 శాతం మందికి రక్తహీనత ఉందని అప్పుడు తేలింది. 2019-21 నాటి ఐదో విడతలో అది 57.5కి తగ్గింది. అదే కాలంలో దేశం మొత్తం మీద మాత్రం 53 నుంచి 57కి పెరిగింది. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. కాబట్టి దీవుల గురించి ఈ అంకెలు ఏం చెప్పినా, మనవాళ్ల గురించి కూడా చెప్పినట్టే.

దీవుల స్త్రీలకు నిజంగానే రక్తం పట్టిందా? దేశంలో మిగతావాళ్లకు నిజంగానే తగ్గిందా? జవాబు చెప్పేముందు ఆ శాతాలు ఎలా పుట్టాయో చూడాలి. ఇంటి దగ్గరే వేలి కొన మీద సూది గుచ్చి, ఒక చుక్క తీసి, చేతిలో పట్టే యంత్రంలో పెడితే వచ్చిన అంకెలవి. ఆ యంత్రం దాకా వచ్చిన దారి పొడుగైనది.

రక్తంలో హిమోగ్లోబిన్ కొలవడానికి 1878లో బ్రిటిష్ వైద్యుడు విలియం గోవర్స్ ఒక పరికరం చేశాడు. రక్తాన్ని నీటితో పలచన చేస్తూ, రంగును ప్రమాణ రంగుతో సరిపోల్చడం దాని పద్ధతి. 1900లో ఫిన్లాండ్ వైద్యుడు టాల్‌క్విస్ట్ దాన్ని ఇంకా తేలిక చేశాడు: అద్దుడు కాగితం మీద చుక్క వేసి, అచ్చేసిన రంగుల పట్టీ పక్కన పెట్టి చూడటమే. 1902లో స్విట్జర్లాండ్‌కు చెందిన హెర్మన్ సాలీ పద్ధతి వచ్చింది. పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 20 మైక్రోలీటర్ల రక్తం కలిపితే గోధుమరంగుకు తిరుగుతుంది. కాసేపు ఆగి, పక్కనున్న గాజు రంగుతో కలిసేదాకా డిస్టిల్డ్ వాటర్ పోయాలి. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో దశాబ్దాల పాటు గర్భిణులకు ‘రక్తం ఎనిమిది గ్రాములే ఉందమ్మా’ అని చెప్పింది ఈ సాలీ గొట్టమే. దీనికి కరెంటు అక్కర్లేదు, ఖర్చూ తక్కువ. కానీ గది వెలుతురు, చూసేవారి కన్ను, ఆగిన నిమిషాలు మారితే గ్రాములూ మారిపోయేవి.

కంటి మీద ఆధారపడటాన్ని తప్పించింది సయన్‌మెట్‌హిమోగ్లోబిన్ పద్ధతి. 1935లో డ్రాబ్కిన్, ఆస్టిన్ వివరించిన ఈ రసాయన చర్యలో హిమోగ్లోబిన్ నిలకడైన రంగుకు మారుతుంది. దాన్ని 540 నానోమీటర్ల కాంతి దగ్గర యంత్రం కొలుస్తుంది. 1960ల్లో అంతర్జాతీయంగా ఇదే ప్రమాణమైంది. అయితే ద్రావకంలో సయనైడ్ ఉంటుంది, కొలిచే యంత్రం బల్ల మీద నుంచి కదలదు. దీన్ని పల్లెకు తీసుకెళ్లడమెలా? మన పరిశోధకులు చుక్కను ఫిల్టర్ పేపరు మీద ఆరబెట్టి ల్యాబుకు పంపే ఉపాయం పట్టుకున్నారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కేంద్రంగా 1972లో మొదలైన జాతీయ పోషకాహార పర్యవేక్షణ బ్యూరో తన సర్వేల్లో ఈ దారి పట్టింది. 2002-04 నాటి జిల్లా స్థాయి ఇంటింటి సర్వే కూడా అంతే.

ఈలోగా స్వీడన్ నుంచి హీమోక్యూ వచ్చింది. 1980ల్లో మార్కెట్లోకి దిగిన ఈ పరికరంలో చిన్న ప్లాస్టిక్ క్యువెట్ 10 మైక్రోలీటర్ల రక్తాన్ని తానే పీల్చుకుంటుంది. రసాయనం దాని లోపలే పొడిగా ఉంటుంది. నిమిషంలోపే తెర మీద అంకె కనబడుతుంది. 1998-99లో జరిగిన రెండో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దీన్ని మొదటిసారి వాడారు. పెళ్లైన స్త్రీలలో సగానికి పైగా రక్తహీనులని దేశానికి తెలిసింది అప్పుడే. ఆ మేలు చిన్నది కాదు. అంతవరకూ లెక్కలోకే రాని నీరసం, ఆయాసం ప్రభుత్వం కళ్లముందు అంకెగా నిలిచాయి.

వెంటనే పేచీ మొదలైంది. కొత్త యంత్రాన్ని పాత ప్రమాణంతో పోల్చిన హైదరాబాదు పరిశోధకులు, హీమోక్యూ హిమోగ్లోబిన్‌ను ఎక్కువగా చూపుతోందనీ, కాబట్టి రక్తహీనుల సంఖ్య తక్కువగా తేలుతోందనీ 2002, 2003లలో రాశారు. ఫిల్టర్ పేపరు సర్వేల్లో గర్భిణుల రక్తహీనత హీమోక్యూ సర్వేల కన్నా చాలా ఎక్కువగా వచ్చింది. అయితే ఎండిన చుక్క కాగితం మీంచి పూర్తిగా కరిగి రాకపోతే విలువ తగ్గిపోతుందన్న అనుమానం ఆ పద్ధతి మీదా ఉంది.

పదిహేనేళ్లు తిరిగేసరికి అభియోగం తలకిందులైంది. 2016-18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో పిల్లల సిర నుంచి రక్తం తీసి ల్యాబుల్లోని ఆటో ఎనలైజర్లతో కొలిచారు. ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో రక్తహీనత 41 శాతంగా తేలింది. అంతకు కొద్దికాలం ముందు ఆరు నుంచి 59 నెలల పిల్లల వేలి చుక్కతో కుటుంబ ఆరోగ్య సర్వే చూపిన లెక్క 58.6 శాతం. వయసుల పరిధి కాస్త వేరే అయినా, 17.6 శాతాంశాల తేడాను దానితోనే సరిపెట్టలేం. ఒకప్పుడు రక్తహీనతను తక్కువ చూపుతోందన్న యంత్రమే ఇప్పుడు ఎక్కువ చూపుతోందన్నమాట!

ఈ చిక్కుకు మూలం యంత్రం కన్నా చుక్కలోనే ఎక్కువగా ఉంది. వేలిని పిండితే కణజాలంలోని నీరు రక్తంలో కలిసి పలచనవుతుంది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒకే వేలి నుంచి వరుసగా తీసిన చుక్కలను కొలిచి 2015లో ప్రచురించిన ఫలితం ప్రకారం, సిర రక్తంతో సమానమైన నిలకడ రావాలంటే ఆరు నుంచి తొమ్మిది చుక్కల సగటు కావాలి. సర్వేలో కొలిచేది ఒక్క చుక్క. దానికి వాతావరణం తోడవుతుంది. రసాయనం ఉన్న క్యువెట్ల డబ్బా మూత తీసి ఉంచితే గాలిలోని తేమ వాటిని పాడుచేస్తుంది, అంకె తగ్గి వస్తుంది. ఏడాదిలో సగానికి పైగా వానలుండే అండమాన్లలో ఇది చిన్న విషయం కాదు.

ఇంకో మెలిక గీత దగ్గరుంది. 1968 నుంచీ ప్రపంచ ఆరోగ్య సంస్థ గర్భిణులు కాని స్త్రీలకు డెసిలీటరు రక్తంలో 12 గ్రాములు, గర్భిణులకు 11 గ్రాములు హద్దుగా పెట్టింది. మన స్త్రీలలో చాలామంది ఆ గీతకు అటూ ఇటూ దగ్గర్లోనే ఉంటారు. అర గ్రాము పొరపాటు ఒకరికి ఎక్కువ, ఇంకొకరికి తక్కువ అయితే సగటు చెడదు. కానీ గీత కింద ఎంతమంది అన్న లెక్క చెడుతుంది. అసలు గీతే సరైనదేనా? ఆరోగ్యంగా ఉన్న భారతీయ పిల్లల రక్తాన్ని పరిశీలించి, చాలా వయసుల్లో హద్దు ఒకటి రెండు గ్రాములు కిందకి ఉండాలని 2021లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో మన పరిశోధకులు వాదించారు. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు నుంచి 23 నెలల పిల్లలకు హద్దును 11 నుంచి 10.5కి దించింది. వీలైనచోట సిర రక్తాన్ని ఆటో ఎనలైజర్‌తో కొలవాలని సిఫారసు చేసింది. మన దేశంలోనూ సిర రక్తంతో కొలిచే ఆహార, జీవసూచికల సర్వే బాధ్యత హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు దక్కింది.

అలాగని చేతి యంత్రాన్ని మూలన పడేయడం అన్యాయం. 2018లో మొదలైన ఎనీమియా ముక్త్ భారత్ ‘పరీక్ష, చికిత్స, మాట’ అన్న పద్ధతిని డిజిటల్ మీటర్ల భరోసాతోనే నడుపుతోంది. ఆరు గ్రాములున్న గర్భిణికి యంత్రం ఆరున్నర చూపినా ఆమెను ఆస్పత్రికి పంపాల్సిందే. అక్కడ వేగం ప్రాణం కాపాడుతుంది. గీత దగ్గర తచ్చాడే అంకెకు మాత్రం రెండోసారి కొలత కావాలి. దేశం, రాష్ట్రం, దీవి పేరిట ప్రకటించే శాతానికి సిర రక్తం కావాలి. మొదటి చుక్క తుడిచేయడం, వేలు పిండకపోవడం, డబ్బా మూత వెంటనే బిగించడం, రోజూ కంట్రోల్ ద్రావణంతో యంత్రాన్ని సరిచూడటం ప్రతి ఏఎన్ఎంకూ చేతితో చేయించి నేర్పాలి. ఏ శాతం అచ్చేసినా దాని పక్కనే పద్ధతి పేరు, రక్తం తీసిన చోటు, వాడిన హద్దు రాయాలి. అప్పుడే 65.7 నుంచి 57.5కి వచ్చిన మార్పులో ఎంత ఆ స్త్రీల ఒంట్లో జరిగిందో, ఎంత మన కొలతలో జరిగిందో తేల్చగలం. ఆ తేడా తెలియకుండా చేసే ఐరన్ మాత్రల పంపకం ఫలించిందో లేదో ఎవరూ చెప్పలేరు.