వరద హెచ్చరిక వేళకు అందాలంటే: మొబైల్ పుష్ నోటిఫికేషన్ల నిర్వహణ

(ప్రత్యేక వ్యాసం)

దుగ్గిరాల: ప్రకాశం బ్యారేజీ వద్ద 2024 సెప్టెంబర్ 2న 11.43 లక్షల క్యూసెక్కుల వరద ప్రవాహం నమోదైంది. బ్యారేజీ వద్ద 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరికను, 5.69 లక్షలకు రెండవ ప్రమాద హెచ్చరికను జారీ చేస్తారు. దిగువన దుగ్గిరాల, కొల్లిపర, కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె మండలాల్లోని తీర, లంక గ్రామాల ప్రజలు ఊరు విడవాలా, ఆగాలా అన్నది ఈ హెచ్చరికలను బట్టే నిర్ణయించుకుంటారు. ఆలస్యంగా అందిన హెచ్చరిక వారిని తప్పుదారి పట్టిస్తుంది. ఈ నేపథ్యంలో సర్వర్ నుంచి నోటిఫికేషన్లు పంపే విధానాన్ని అధికారులు, పాత్రికేయులు తెలుసుకోవడం అవసరం.

మూడు మార్గాలు

ఎస్ఎంఎస్ నిర్దిష్ట నంబర్లకు వెళుతుంది. తెలుగు లిపిలో ఒక్కో ఎస్ఎంఎస్‌కు 70 అక్షర సంకేతాలే పరిమితి. సెల్ బ్రాడ్‌కాస్ట్ ఎంపిక చేసిన టవర్ల పరిధిలోని ఫోన్లన్నింటికీ ఒకేసారి అందుతుంది. నంబర్ల జాబితా అవసరం లేదు. పుష్ నోటిఫికేషన్ మాత్రం యాప్ ఉన్న ఫోన్లకు, ఇంటర్నెట్ ఉన్నప్పుడే చేరుతుంది.

సందేశం ప్రయాణం

యాప్‌ను మొదటిసారి తెరచినపుడు ఆ ఫోనుకు ఒక టోకెన్ లభిస్తుంది. దానిని సర్వర్ భద్రపరుస్తుంది. సర్వర్ పంపిన సందేశం నేరుగా ఫోనుకు వెళ్ళదు. ఆండ్రాయిడ్ ఫోన్లకు సాధారణంగా గూగుల్ వారి ఫైర్‌బేస్ ద్వారా, ఐఫోన్లకు యాపిల్ సేవ ద్వారా వెళుతుంది. మండలాల వారీగా అంశాలను ఏర్పరచి వినియోగదారులను చేర్చితే, రేపల్లెకు ఉద్దేశించిన హెచ్చరిక ఇతర ప్రాంతాలవారిని కలవరపరచదు.

గడువు కీలకం

ఫోను ఆపి ఉంటే ఫైర్‌బేస్ సందేశాన్ని నిలువ ఉంచుతుంది. సర్వర్ గడువు నిర్దేశించకపోతే ఈ నిలువ నాలుగు వారాల వరకు కొనసాగుతుంది. విద్యుత్ లేక రెండు రోజులు ఆగిపోయిన ఫోనుకు, నీరు తగ్గిన తరువాత “వరద పెరుగుతోంది” అన్న సందేశం రావచ్చు. కావున ప్రతి హెచ్చరికకూ గంటలలో గడువు విధించాలి. ఒకే వరదకు సంబంధించిన సందేశాలకు ఒకే గుర్తింపు సంకేతం ఇస్తే కొత్తది పాతదాని స్థానంలోకి వస్తుంది. అత్యవసర సందేశాలకు అధిక ప్రాధాన్యం ఇవ్వాలి. సాధారణ ప్రకటనలకు దానిని వాడరాదు.

టోకెన్ల ప్రక్షాళన

యాప్ తొలగించిన ఫోన్ల టోకెన్లు చెల్లవు. అటువంటి వాటికి ఫైర్‌బేస్ 404, యాపిల్ 410 సంకేతాలను తిరిగి పంపుతాయి. వాటిని వెంటనే జాబితా నుంచి తొలగించాలి. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్లకు వినియోగదారుని అనుమతి తప్పనిసరి అయింది. యాప్ ఉన్నంత మాత్రాన సందేశం కనబడుతుందని భావించరాదు.

పాత్రికేయులకు సూచన

సర్వర్‌కు వచ్చే “విజయవంతం” అన్న సమాధానానికి అర్థం సందేశాన్ని సేవా సంస్థ స్వీకరించిందని మాత్రమే. ప్రజలకు అందిందని కాదు. పంపిన సంఖ్యను, అందిన సంఖ్యను వేర్వేరుగా అడిగి ప్రచురించడం సముచితం. హెచ్చరికల అంతర్జాతీయ ప్రమాణమైన కామన్ అలర్టింగ్ ప్రోటోకాల్‌లో ప్రాంతం, గడువు, సవరణ, రద్దులకు ప్రత్యేక స్థానాలున్నాయి. హెచ్చరికను ప్రసారం చేసే ముందు ఈ నాలుగింటినీ సరిచూసుకోవాలి. యాప్ లేనివారికి, నెట్‌వర్క్ నిలిచిన లంకలకు గ్రామంలో దండోరా, మైకు ప్రచారం యథాతథంగా కొనసాగవలసిందే.