జేన్ శాండల్: కాన్పు సంరక్షణపై పరిశోధన

ప్రొఫెసర్ జేన్ శాండల్ లండన్ కింగ్స్ కాలేజీలో మహిళా ఆరోగ్య పరిశోధకురాలు. స్వయంగా మిడ్‌వైఫ్. మిడ్‌వైఫ్ అంటే ఊళ్లో దాయీ కాదు, కాన్పులు చేయడంలో చదువు, శిక్షణ ఉన్న నిపుణురాలు.

గర్భం నుంచి బాలింత రోజుల దాకా తెలిసిన మిడ్‌వైఫే చూసుకుంటే తల్లికి మేలేనా? ఆమె పరిశోధనలో ముఖ్యమైన ప్రశ్న ఇదే. ఆమె నాయకత్వంలోని కోక్రేన్ సమీక్ష 2013, 2016, 2024లో వెలువడింది. చివరిదానిలో 17 అధ్యయనాలు, 18,533 మంది వివరాలు పరిశీలించారు. ఈ పద్ధతిలో మామూలు కాన్పులు 66 నుంచి 70 శాతానికి పెరిగాయి, సిజేరియన్లు 16 నుంచి 15కు తగ్గాయి. ప్రమాదం కనిపిస్తే డాక్టర్ చూడాల్సిందే.

తెలంగాణలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సిజేరియన్లు 60.7 శాతం. ఇక్కడ 2017లోనే నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలైంది. మన ఇళ్లలో కాన్పు దగ్గరపడినప్పుడు అడగాల్సిన మొదటి మాట: 'ఇక్కడ శిక్షణ పొందిన మిడ్‌వైఫ్ ఉన్నారా?'