బొబ్బిలి మంట, ఒనొండాగా మంట

2001లో అమీర్‌పేటలో, అప్పటి సత్యం థియేటర్ వెనక సందులో, ఒక గదిలో ముగ్గురం కలిసి అద్దెకుండేవాళ్ళం. పగలంతా కంప్యూటర్ పాఠాలు, రాత్రి భోజనమయ్యాక పంజాగుట్ట దాకా నడక. ముగ్గురిలో ఒకడిది బొబ్బిలి పక్క పల్లెటూరు. కరెంటు పోయిన రాత్రుల్లో వాడు తాతగారి దగ్గర విన్న బొబ్బిలి కథ చెప్పేవాడు. రంగరాయుడు, పాపారాయుడు, బుస్సీ దొర, హైదర్ జంగు అందరూ ఆ చీకటి గదిలోకి వచ్చి కూర్చునేవారు. కోటలోని ఆడవాళ్ళను, పసిపిల్లలను తమవాళ్ళే కడతేర్చి ఇళ్ళకు నిప్పు పెట్టే ఘట్టం వచ్చేసరికి వాడి గొంతు పూడుకుపోయేది. మాకూ ఒళ్ళు గగుర్పొడిచేది.

ఒక రాత్రి మూడో మిత్రుడు నెమ్మదిగా ఒక ప్రశ్న వేశాడు. "ఆ పిల్లల్ని బతకనిస్తే కథకు వచ్చే లోటేమిటి?" బొబ్బిలి మిత్రుడికి కోపం వచ్చింది. వారం రోజులు ఇద్దరికీ మాటల్లేవు. ఎవరి పక్షం వహించాలో నాకు తెలియలేదు. పరువు కోసం ప్రాణమిచ్చినవాళ్ళను తప్పుపట్టే అర్హత మనకేముంది అనిపించింది. ప్రశ్న మాత్రం మనసులో ఉండిపోయింది.

కొన్నేళ్ళకు ఆ బొబ్బిలి మిత్రుడే కెనడా వెళ్ళి మాంట్రియల్‌లో స్థిరపడ్డాడు. అతని ఇంటికి దగ్గరలో లాషీన్ అనే పేట ఉంది. "ఇక్కడివాళ్ళకూ ఒక బొబ్బిలి ఉందిరా, అయితే తలకిందులుగా ఉంది" అని అతను ఫోన్లో అన్న మాట నన్ను ఈ చరిత్రలోకి దింపింది. కథ అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఇప్పటి న్యూయార్క్ రాష్ట్రపు ఉత్తర భాగంలో మోహాక్, ఒనైడా, ఒనొండాగా, కయూగా, సెనెకా అనే అయిదు జాతులు ఒక సమాఖ్యగా జీవించేవి. ఫ్రెంచివాళ్ళు వారిని ఇరాక్వాలన్నారు. వారు తమను తాము హౌదెనొషౌనీ, అనగా పొడవాటి ఇంటి ప్రజలు, అని చెప్పుకున్నారు. ఒకే కప్పు కింద అనేక కుటుంబాలుండే ఆ పొడవాటి ఇళ్ళలో వంశం తల్లి వైపు నుంచి నడిచేది. పొలాలు ఆడవాళ్ళవి. నాయకుణ్ణి ఎంపిక చేసేదీ, దారి తప్పితే తొలగించేదీ వంశాల పెద్దమ్మలే.

1609 జులైలో శాంప్లేన్ అనే ఫ్రెంచివాడు, ఇప్పుడు అతని పేరుతోనే పిలుస్తున్న సరస్సు ఒడ్డున, మోహాకులకు ఎదురుపడ్డాడు. అతనితో ఉన్న ఫ్రెంచివాళ్ళు ఇద్దరే. మిగిలిన అరవై మందీ మోహాకులతో పాతపగలున్న హ్యూరాన్, అల్గాంక్విన్ తదితర జాతుల వీరులు. ఎదుట ఉన్నవారు ఇంచుమించు రెండు వందల మంది. శాంప్లేన్ తుపాకిలో నాలుగు గుండ్లు దట్టించి ఒకేసారి పేల్చాడు. ఇద్దరు నాయకులు అక్కడికక్కడే కూలారు. ఆ పగ ఫ్రెంచివాళ్ళది కాదు. వారికి కావలసింది బీవర్ అనే నీటిజంతువు చర్మం. యూరప్‌లో టోపీలకు దానికి ఎక్కడలేని గిరాకీ. ఆ చర్మాలు తెచ్చిపెట్టే మిత్రులను నిలుపుకోవాలంటే మిత్రుల పగను కూడా భుజాన వేసుకోవలసి వచ్చింది. ఆ ఒక్క తుపాకి మోతకు తొంభై రెండేళ్ళ యుద్ధం బదులు చెప్పింది.

ఇప్పుడు మన వైపు రండి. 1751లో బుస్సీ సలాబత్ జంగును దక్కను గద్దెపై కూర్చోబెట్టాడు. తన సైన్యం జీతాల కోసం 1753లో ఉత్తర సర్కారుల ఆదాయాన్ని రాయించుకున్నాడు. 1756లో సలాబత్ జంగు కొలువులోని వ్యతిరేకులు ఫ్రెంచివాళ్ళను వెళ్ళగొట్టాలని చూసినప్పుడు బుస్సీ ఈ హైదరాబాదుకే వచ్చి చార్‌మహల్‌లో కాలూని, బందరు వైపు నుంచి ఆగస్టులో సహాయక సేన వచ్చేదాకా నిలిచాడు. మేము రాత్రిపూట చెప్పుకున్న కథకు నాంది మేము తిరిగిన ఈ నగరంలోనే జరిగిందని ఆ రోజుల్లో మాకు తెలియదు. చార్‌మహల్ గండం గడిచాక పేరుకుపోయిన శిస్తు బకాయిలు రాబట్టుకోవడానికి బుస్సీ సర్కారులకు బయలుదేరాడు.

అక్కడ అతనికి ఎదురైనవి రెండు పాత సంస్థానాలు. పూసపాటివారి విజయనగరం, వెలమదొరల బొబ్బిలి. రెండింటి మూలపురుషులూ 1652లో శ్రీకాకుళం ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ వెంట వచ్చినవారేనని చెబుతారు. ఒకే గుడారంలో మొదలైన రెండు వంశాలు నూరేళ్ళలో గట్టు పగవారయ్యారు. ఏటి నీళ్ళను మళ్ళించుకోవడం, సరిహద్దుల్లో దోపిడులు వంటివి ఆ పగకు కారణాలని ఈస్టిండియా కంపెనీ చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ రాశాడు. మన పల్లెటూళ్ళలో నేటికీ తలలు పగిలేది ఆ కారణాలకే కదా!

పూసపాటి విజయరామరాజు బుస్సీకి అండ. బుస్సీ దివాను హైదర్ జంగుకు ఆప్తుడు. బొబ్బిలివారిని అక్కడి నుంచి లేపేయాలన్నది అతని కోరిక. ఫ్రెంచి సిపాయిల మీద బొబ్బిలి అడవుల్లో జరిగిన దాడి ఒక సాకుగా దొరికింది. బొబ్బిలికి బదులుగా వేరొకచోట భూములిస్తాం, కోట వదలమని రంగారావుకు కబురు వెళ్ళింది. రంగారావు నిరాకరించాడు. 1757 జనవరి 24న తెల్లవారగానే ఫిరంగులు మోగాయి.

తరువాతి కథ తెలియని తెలుగువాడు లేడు. 1964 నాటి సినిమాలో రంగారాయుడిగా రామారావును, పాపారాయుడిగా రంగారావును చూసినవారికి ఆ పాత్రలకు మరో రూపం తోచదు. ఇక నిలవలేమని తేలాక కోటలోని ఇళ్ళకు నిప్పు పెట్టారు. స్త్రీలను, పిల్లలను పరహస్తాల పాలు కానీయకుండా తమ చేతులతోనే చంపారు. రంగారావు పోరాడుతూ కూలిపోయాడు. మూడు రాత్రుల తరువాత విజయరామరాజు తన గుడారంలోనే హతుడయ్యాడు. ఆ పని చేసినవాడు తాండ్ర పాపారాయుడని మన కథకులందరూ పాడారు.

ఇక్కడ ఆగి మళ్ళీ ఇరాక్వాల దగ్గరికి వెళ్ళాలి. నా మిత్రుడు తలకిందులు అన్నది ఇక్కడే.

ఫ్రెంచివాళ్ళు ఆ అయిదు జాతుల మీదకు పదేపదే దండెత్తారు. 1665లో ఫ్రాన్సు నుంచి ఒక పటాలం దిగింది. మరుసటి ఏడే మోహాక్ గ్రామాలు తగలబడ్డాయి. 1687లో గవర్నరు డెనాన్‌విల్ కొందరిని మంచిమాటలతో పిలిపించి బంధించి, ఫ్రాన్సు రాజుగారి ఓడల్లో తెడ్లు వేయడానికి సముద్రం దాటించాడు. అదే ఏడు సెనెకాల పంటపొలాలను నాశనం చేశాడు. 1689 ఆగస్టు 5 తెల్లవారుజామున ఇరాక్వాలు లాషీన్ మీద పడి చేసిన ఊచకోత ఆ ద్రోహాలకు జవాబు. వారు అమాయకులని నేననను. 1649లో హ్యూరాన్‌లను చెట్టుకొకరు పుట్టకొకరుగా చేసింది వారే.

1696లో వృద్ధ గవర్నరు ఫ్రాంటెనాక్ రెండువేలకు పైగా సేనతో ఒనొండాగాల రాజధాని మీదకు వెళ్ళాడు. ఫిరంగులు కూడా మోసుకుపోయారు. చేరేసరికి ఊరు మండుతోంది. నిప్పు పెట్టింది ఒనొండాగాలే. ఇళ్ళలో ఎవరూ లేరు. ఆడవాళ్ళతో, పిల్లలతో కలిసి జాతి జాతంతా అడవిలోకి తరలిపోయింది. వెనక మిగిలినవాడు ఒకే ఒక్క ముసలివాడు. వచ్చినవారు అతణ్ణి చిత్రవధ చేసి, పొలంలో ఉన్న మొక్కజొన్న పైరు నరికేసి, వెనుదిరిగారు. గెలవడానికి అక్కడ వారికి మనుషులే దొరకలేదు.

ఎదుట ఉన్నది రెండుచోట్లా ఫ్రెంచి ఫిరంగి. రెండుచోట్లా ఊరికి నిప్పు పెట్టింది ఊరివాళ్ళే. ఒక మంటలో మనుషులున్నారు, ఇంకొక మంటలో లేరు.

ఈ తేడాను ధైర్యంతో కొలిస్తే పొరపాటు. చిత్రహింసలో కూడా కంటతడి పెట్టని జాతిగా ఇరాక్వాలు పేరుపొందారు. బొబ్బిలివారి ధైర్యాన్ని శంకించేవాడు పుట్టలేదు. పరిస్థితులూ ఒకటి కావు. ఒనొండాగాల వెనుక అంతులేని అడవి ఉంది. బొబ్బిలి కోట చుట్టూ శత్రుసేన ఉంది. ఆ జనవరి మధ్యాహ్నం కోటలో చిక్కినవారికి దారి లేదు. కాని దారి ఉన్న రోజు ఒకటి అంతకు ముందు గడిచింది. వేరే భూములిస్తామన్న కబురు వచ్చిన రోజు. పగవాడు మెచ్చి ఇచ్చే భూమిని నమ్మలేకపోవడానికి రంగారావుకు కారణాలు ఉండవచ్చు. అయినా ఆ రోజు తూకంలో పడినవి కోట, గడ్డ, వంశం పేరు. ఆ గడ్డ మీద కానుపులు పోసుకున్నవారి మాట ఆ తూకంలో పడినట్టు ఏ కథా చెప్పదు. మల్లమ్మదేవి పేరు మిగిలింది. ఆమె అభిప్రాయం మిగలలేదు. ఒనొండాగాలలో ఇల్లూ పొలమూ ఎవరివో, నాయకుణ్ణి నిలబెట్టేవారెవరో గుర్తు తెచ్చుకుంటే, ఆ జాతి గోడలను వదిలి మనుషులను ఎందుకు కాపాడుకుందో కొంత బోధపడుతుంది. వారికి ఇల్లంటే అందులో ఉన్న జనం.

ఆ నిర్ణయానికి చెల్లించిన వెల తక్కువదేమీ కాదు. ఆకలి, జబ్బు, యుద్ధం కలిసి ఆ దశాబ్దంలో ఇరాక్వా వీరుల సంఖ్యను ఇంచుమించు సగానికి తగ్గించాయి. అయినా 1701 ఆగస్టు 4న మాంట్రియల్‌లో దాదాపు నలభై జాతుల ప్రతినిధుల నడుమ సంధి కుదిరినప్పుడు, సంతకంగా తమ గుర్తులు గీయడానికి వారు మిగిలి ఉన్నారు. ఆ సంధి కోసం పాటుపడిన హ్యూరాన్ నాయకుడు కొండియరోంక్ రెండు రోజుల ముందే జ్వరంతో మరణించాడు. పాతపగల నడుమ తుపాకి పేలిన తొంభై రెండేళ్ళకు, ఆ పగవారే ఒకచోట కూర్చున్నారు. ఫ్రెంచి, ఇంగ్లీషు యుద్ధాల్లో తాము ఎవరి పక్షమూ వహించమని ఇరాక్వాలు మాట ఇచ్చారు. ఆ తటస్థత శాశ్వతం కాలేదు. 1779లో అమెరికన్ సేనలు వారి గ్రామాలను మళ్ళీ తగలబెట్టాయి. కాని ఇద్దరు దొరల మధ్య తలెత్తుకుని మెలగడానికి దాని మూలంగా కొన్ని తరాలు దొరికాయి.

మన సర్కారుల్లో అలాంటి సంధి జరగలేదు. విజయరామరాజు వారసుడు ఆనంద గజపతి ఫ్రెంచివారిపై కోపంతో బెంగాలు నుంచి ఇంగ్లీషువారిని పిలిపించాడు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో కర్నల్ ఫోర్డు ఫ్రెంచి సేనను ఓడించాడు. 1759 ఏప్రిల్‌లో బందరు పడిపోయింది. బొబ్బిలి కాలిన రెండేళ్ళకే సర్కారుల్లో ఫ్రెంచి ప్రాభవం ముగిసింది. పిలుపునందుకుని వచ్చిన కంపెనీ మాత్రం తిరిగి వెళ్ళలేదు. 1794 జులై 10న పద్మనాభం దగ్గర విజయనగరం రాజు, మరొక విజయరామరాజు, ఆ కంపెనీ సేనల చేతిలోనే నేలకొరిగాడు. బొబ్బిలి మీద గెలిచినవారికి మిగిలిందేమిటో ఈ తేదీలే చెబుతాయి.

బొబ్బిలికి మిగిలిందేమిటి? ఒనొండాగాలో మిగిలిన ముసలివాడిలాగే బొబ్బిలిలోనూ ఒక ముసలివాడున్నాడు. పొగలోంచి నడిచి వచ్చి, ఫ్రెంచి అధికారి లా చేతిలో ఒక పిల్లవాణ్ణి పెట్టాడు. రంగారావు కొడుకు. తండ్రి ఆజ్ఞను కాదని ఈ బిడ్డను కాపాడానని అతను చెప్పినట్టు ఓర్మ్ రాశాడు. ఆ పిల్లవాడే చినరంగారావు. పద్మనాభం యుద్ధం తరువాత బొబ్బిలి మళ్ళీ అతనికి దక్కింది. 1932లో మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధానమంత్రి అయిన బొబ్బిలి రాజా ఆ వంశంవాడే. బొబ్బిలి పేరు కోటతోపాటు కాలిపోకుండా నిలిచిందంటే అందుకు పౌరుషం ఒక్కటే కారణం కాదు. ఒక ముసలాయన ఆజ్ఞ మీరడం కూడా కారణం.

పాపారాయుడి కత్తి గురించి మనం ఎన్ని పాటలు కట్టుకున్నామో లెక్కలేదు. ఆ ముసలాయన పేరు నేను చదివిన ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు.

మొన్న మాంట్రియల్ మిత్రుడు సెలవులకు వచ్చాడు. మేమిద్దరం అమీర్‌పేట మెట్రో స్టేషను దిగి, సత్యం థియేటర్ ఉన్నచోట లేచిన కొత్త కట్టడాన్ని చూసి, పాత అలవాటుగా పంజాగుట్ట వైపు నడిచాం. పాత ప్రశ్న నేను ఎత్తలేదు. అతనే అన్నాడు: "మా అమ్మాయికి బొబ్బిలి కథ చెబుతున్నానురా. తాత చెప్పినట్టే చెబుతాను. కాని ఇప్పుడు ముసలాయన దగ్గర మొదలుపెడుతున్నాను."