సీతాఫల్‌మండి – తార్నాక బస్సు మార్గం: రైల్వేతో తెగిన బంధం

సీతాఫల్‌మండి, తార్నాక, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంతాలను కలిపే బస్సు రవాణా చరిత్రకు మూలాలు రైల్వేలో ఉన్నాయి. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వేలో ఒక శాఖగా రోడ్డు రవాణా విభాగం ఏర్పడింది. అప్పుడు దానికి ఉన్నవి 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. రెండూ ఒకే యాజమాన్యం కింద ఉండటంతో బస్సు రైలుకు పోటీగా కాక తోడుగా నడిచే వీలు కలిగింది.

1918లో నగరం నడిబొడ్డున అద్దె భవనాలలో మొదలైన విశ్వవిద్యాలయానికి 1939లో ఆర్ట్స్ కళాశాల భవనం సమకూరింది. అడిక్‌మెట్ ప్రాంగణానికి చదువులు తరలడంతో అక్కడికి నిత్య ప్రయాణం అవసరమైంది.

1951 నవంబరు 1న రోడ్డు రవాణా హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వ పరమైంది. అదే నెల 5న నిజాం రైల్వే కేంద్ర ప్రభుత్వపు సెంట్రల్ రైల్వేలో విలీనమైంది. అంటే రాజ్యాంగ అధికార విభజనను అనుసరించి పట్టాలు కేంద్రానికి, బస్సులు రాష్ట్రానికి చెందాయి. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడటంతో ఈ విభజన స్థిరపడింది.

దీని పర్యవసానం నేటికీ కనిపిస్తుంది. సీతాఫల్‌మండి, ఆర్ట్స్ కళాశాల, జామై ఉస్మానియా స్టేషన్లు రైల్వేవి. తార్నాక కూడలి మీదుగా వెళ్ళే బస్సులు ఆర్టీసీవి. 2017లో తార్నాకకు వచ్చిన మెట్రో మరొక సంస్థది. ఒకప్పుడు ఒకే యాజమాన్యం నిర్ణయించగలిగిన వేళల పొందిక నేడు మూడు సంస్థల అంగీకారంపై ఆధారపడి ఉంది.