సమానత్వానికి సర్కారు గ్రాంటు: కెనడా పాఠం

తన చట్టాలపై తెచ్చే వ్యాజ్యాలకు తానే ఖర్చు పెట్టుకొనే ప్రభుత్వం వుంటుందా? కెనడాలో వున్నది. 1978లో అక్కడి కేంద్రప్రభుత్వం భాషాహక్కుల వ్యాజ్యాలకు సహాయనిధి నెలకొల్పింది. 1976లో క్విబెక్‌లో వేర్పాటువాద పార్టీ గద్దెనెక్కింది. కనుక యిది కేవలం ఔదార్యమనుకోలేము.

హక్కుల చార్టరులోని సమానత్వ నిబంధన 1985లో అమలుకు వచ్చింది. నిబంధన అందరిదీ, కోర్టు ఖర్చు భరించగలిగింది కొందరే. అందుచేత నిధిని సమానత్వ వ్యాజ్యాలకూ విస్తరించారు. స్త్రీల, వికలాంగుల, ఆదివాసుల సంఘాలు దానిని వాడుకొన్నాయి.

1992లో కన్సర్వేటివులు నిధిని రద్దుచేశారు. 1994లో లిబరళ్లు పునరుద్ధరించారు. 2006లో కన్సర్వేటివులు మళ్ళీ రద్దుచేశారు. ఆ యేడే స్త్రీల వ్యవహారాలు చూసే ప్రభుత్వసంస్థకున్న 16 ప్రాంతీయ కార్యాలయాలలో 12 మూసివేయ నిర్ణయించారు. గ్రాంటు ఆశయాలలోనుంచి సమానత్వమన్న మాటనే తీసివేశారు.

తరువాత జరిగింది మరీ గమనించదగినది. ఫ్రెంచివారి సంఘాల సమాఖ్య కోర్టుకెక్కింది. 2008లో రాజీ కుదిరి భాషాహక్కుల వ్యాజ్యాలకు సహాయం తిరిగి దక్కింది. సమానత్వ వ్యాజ్యాలకు మాత్రం 2017లో లిబరళ్లు పునరుద్ధరణ ప్రకటించేదాకా దిక్కులేదు. దేశం చీలకుండా కాపాడుకొనే అవసరం రాజ్యానికున్నది. అసమానత పోగొట్టే అవసరం దానికంతగా లేదు.

గ్రాంటు తీసుకోవడం తప్పుకాదు. అది ప్రజల పన్నుల సొమ్మే. కాని సభ్యుల చందా, వీధిలోని బలం లేని సంఘానికి ఆయుర్దాయం బడ్జెట్టులో రాసివుంటుంది.