పెరటి దోసపాదు - మన చరిత్ర

చరిత్ర యనగానే మనకు కోటలు, శాసనములు, రాజుల పేర్లు స్ఫురించును. శాసనములకెక్కని చరిత్ర యొకటి మన పెరటిలోనే ప్రాకుచున్నది. అదియే దోసపాదు.

మనము పప్పులో వేయు పచ్చని దోసకాయ, పండి తనంత తానే పగులు దోసపండు, వేసవిలో తిను ఖర్బూజ, ఇవన్నియు ఒకే జాతివి. 1859లో నోదాఁ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఈ జాతిని తెగలుగా విభజించెను. కీరదోస పేరునకు దోసయే గాని వేరు జాతి. పుచ్చకాయ మరింత దూరపు చుట్టము.

ఈ నాటు విత్తనముల విలువ పరదేశము వారికి కష్టకాలమున తెలిసినది. 1925లో కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ లోయలో ఖర్బూజ తోటలకు బూడిదతెగులు సోకెను. భారతదేశమునుండి తెప్పించిన విత్తనములలో ఆ తెగులునకు లొంగని గుణము కనబడగా, దానితో సంకరము చేసి 1936లో ‘పి.ఎమ్.ఆర్. 45’ అను రకమును విడుదల చేసిరి. మన నేలపై నిలిచిన గుణము సముద్రములు దాటి పరులను ఆదుకొన్నది గదా!

ఇక మన సంగతి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు మద్రాసు ఇవతలనే నిలిచినది. మాధవరము 2011లో చెన్నై కార్పొరేషనులో కలిసినది. 2018లో ఆంధ్ర బస్సులకు ఇక్కడనే స్టాండు వచ్చినది. ఊరు దగ్గరయినది, పెరళ్ళు మాత్రము తరిగినవి. అత్తగారు కొంగున ముడివేసి తెచ్చిన గింజలకు బదులు అంగడి పొట్లములు వచ్చినవి. సంకర విత్తనమైనచో దాని కాయలోని గింజలు నాటిన తల్లి గుణము నిలువదు, ఏటేట కొనవలసినదే.

ఇంటి విత్తనమును నిలుపుకొనుట కష్టము కాదు. వానలు వెలిసిన పిమ్మట జనవరిలో నాటిన, ఉగాదినాటికి కాపు వచ్చును. అయితే ప్రక్కన ఖర్బూజ పాదున్నచో తేనెటీగలు పుప్పొడిని కలిపివేయును. అందుచేత సాయంకాలమున మరునాడు విచ్చబోవు మగమొగ్గను, అడుగున పిందె గల ఆడమొగ్గను దారముతో కట్టవలెను. ఉదయమే విప్పి, మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వునకు రాచి, మరల కట్టవలెను. గుర్తు పెట్టిన ఆ కాయ తీగపైనే బాగుగా పండిన పిదప, గింజలు కడిగి, నీడన ఆరబెట్టి, బూడిద కలిపి దాచవలెను.

మలయాళ సోదరులు విషునాడు కనిలో బంగారువన్నె దోసకాయ నుంచి, దాని దర్శనముతో సంవత్సరమును ప్రారంభింతురు. మన ఉగాదికిని అట్టి ఆచారమొకటి చేర్చుకొందము: ఇంటి పాదున మేలైన కాయను కూరకు కోయక విత్తనమునకు విడుచుట, ఆ గింజలలో గుప్పెడు పొరుగువారి కిచ్చుట. రాగిరేకును పెట్టెలో దాచిన వేయేండ్లు నిలుచును. విత్తనమును నాటక దాచిన, కొన్ని యేండ్లకే చచ్చును.