ఒక గిటారు, రెండు ఆంప్లు, ఇరవై మిల్లీసెకన్లు

రాక్ పాటలు హెడ్‌ఫోన్స్‌లో వినేవాళ్ళకి తెలిసే ఉంటుంది. గిటారు వాయించేది ఒక్కడే, కానీ ఎడమ చెవి పక్క ఒకటి, కుడి చెవి పక్క ఇంకొకటి మోగుతున్నట్టుంటుంది. మధ్యలో చోటంతా గాయకుడిది. "ఏముంది, రెండు ఆంప్లు పెట్టుంటారు" అనుకుంటాం. పెట్టి చూడండి! ఒకే సిగ్నల్‌ని చీల్చి ఒకేలాంటి రెండు ఆంప్లకి ఇస్తే సౌండు పెరుగుతుందే గానీ వెడల్పు రాదు. రెండు చెవులకీ ఒకే సమాచారం అందితే మెదడు దాన్ని ఒకటిగా చేసి తల మధ్యలో కూర్చోబెడుతుంది. మన భాషలో చెప్పాలంటే డూప్లికేట్ రికార్డు ఎగరగొట్టేస్తుంది :)

అంటే రెంటికీ ఏదో తేడా ఉండాలి. ఆ తేడా ఎలా పుట్టించాలన్నదే ఈ కథంతా.

1948లో వచ్చిన ‘లవర్’ రికార్డులో ఎనిమిది గిటార్ భాగాలూ లెస్ పాల్ ఒక్కడే వాయించాడు. అదీ టేపు మీద కాదు, డిస్కుల మీద. ఒక డిస్కు మోగుతుంటే దానికి తోడుగా వాయిస్తూ రెండోది రికార్డు చెయ్యడం. తప్పు పడితే ఆ పొర మళ్ళీ మొదటినుంచీ... అన్‌డూ ఎక్కడిది? కాకపోతే అది మోనో, కాబట్టి మందం వచ్చింది, వెడల్పు రాలేదు. మరుసటి ఏడాది జర్మనీలో హెల్ముట్ హాస్ అసలు సంగతి కొలిచాడు. ఒకే శబ్దం రెండు స్పీకర్లలో కొన్ని మిల్లీసెకన్ల తేడాతో వస్తే, సుమారు ముప్ఫై దాకా మనకి రెండుగా వినపడదు, ముందొచ్చిన వైపునుంచే వచ్చినట్టుంటుంది.

ఇక 1966, లండన్, ఆబీ రోడ్‌లోని ఈఎంఐ స్టూడియో. జాన్ లెనన్‌కి జంట గొంతు ఇష్టం, కానీ రెండుసార్లు పాడాలంటే మహా బద్ధకం. కెన్ టౌన్‌సెండ్ అనే ఇంజనీరు రెండో టేపు మెషీన్‌తో కాపీని కాస్త ఆలస్యంగా వినిపించాడు. గొప్పతనం ఆ ఆలస్యంలో లేదు. రెండో మెషీన్ వేగాన్ని ఆసిలేటర్‌తో అటూ ఇటూ కదిలించడంలో ఉంది. ఆలస్యం స్థిరంగా ఉంటే అది యంత్రమని చెవి పట్టేస్తుంది.

1975లో రోలాండ్ జేసీ-120 ఇదే పనిని గిటార్ ఆంప్‌లోకి తెచ్చింది. ఒకే పెట్టెలో 60 వాట్ల ఆంప్లు రెండు, 12 అంగుళాల స్పీకర్లు రెండు. కోరస్ వేస్తే ఒకదాంట్లో అసలు శబ్దం, రెండోదాంట్లో ఊగే ఆలస్యంతో దాని కాపీ. రెండూ కలిసేది గాల్లోనే. ఆ ఆలస్యానికి వాడిన చిప్ పేరు బకెట్ బ్రిగేడ్. నిప్పంటుకుంటే వరసగా నిలబడి నీళ్ళ బకెట్లు అందించుకున్నట్టు వోల్టేజీని కెపాసిటర్ నుంచి కెపాసిటర్‌కి అందిస్తుంది. షిఫ్ట్ రిజిస్టరే, కాకపోతే అనలాగ్.

ఇన్ని సదుపాయాలున్నా, 1980లో ‘బ్లిజార్డ్ ఆఫ్ ఆజ్’ కోసం రాండీ రోడ్స్ సోలోల్ని నిజంగానే మళ్ళీ మళ్ళీ వాయించి ఒకదానిపై ఒకటి పేర్చాడు. వృత్తిధర్మంగా నా ఓటు టౌన్‌సెండ్‌కే గానీ, నా చెవుల ఓటు రోడ్స్‌కి. రెండోసారి వాయిస్తే వచ్చే తేడా ఒక్క అంకె కాదు. ప్రతి మీటుకీ వేరు, తీగ వంచిన ప్రతిసారీ వేరు. ఏ ఆసిలేటర్‌తో తెస్తారు?

కాపీకి ఇంకో శిక్ష కూడా ఉంది. 10 మిల్లీసెకన్ల తేడాతో ఎడమా కుడీ పెట్టి, తర్వాత మోనోలో కలిపితే 50, 150, 250 హెర్ట్జ్... ఇలా వరసగా గుంటలు పడి గిటారు రేకుడబ్బాలా మోగుతుంది. నిజంగా రెండుసార్లు వాయించినదాన్ని కలిపితే వెడల్పు పోతుంది గానీ గిటారు గిటారులాగే ఉంటుంది.